ఆదోని నవాబు రాయని ఫర్మానా

కొత్తగా మ్యూజియం ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి, "సార్, మీ అనుభవాలు చెప్పండి" అంటుంటారు. అనుభవాలంటే వాళ్ళ దృష్టిలో తవ్వి తీసిన విగ్రహాలు, పట్టుకున్న దొంగలు. నేను విగ్రహమూ తవ్వలేదు, దొంగనూ పట్టుకోలేదు. నా సర్వీసంతా కర్నూలులో ఒక చిన్న మ్యూజియంలో, ఫ్యాను కింద, రిజిస్టరు ముందర గడిచిపోయింది. ఊళ్ళనుంచి జనం తెచ్చిచ్చిన పాత వస్తువులకు నంబర్లు వేసి, అవేమిటో రిజిస్టర్లో రాయడం నా పని. అవేమిటో నాకు తెలిసి ఉండాలన్న నిబంధన మాత్రం ఎక్కడా లేదు.

అయినా అన్నీ తెలిసినట్టే మసలుకునేవాణ్ణి. చిన్నప్పుడు మా వీధి ముస్లిం పిల్లలతో గోలీలాడుతూ నాలుగు ఉర్దూ అక్షరాలు నేర్చుకున్నాను. ఆఫీసులో మిగతావాళ్ళకు ఆ నాలుగూ రావు కాబట్టి అందరూ నన్ను ఉర్దూ పండితుడనేవారు. పదేళ్ళు వరసగా వింటే ఏ మనిషైనా నమ్మేస్తాడు. నేను మొదటి ఏడాదిలోనే నమ్మాను.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, కోసిగి దగ్గరి పల్లెనుంచి ఒక అవ్వ వచ్చింది. డెబ్బై దాటిన మనిషి, తెల్లచీర, చంకలో బిస్కెట్ల రేకుడబ్బా. వాళ్ళ ఊళ్ళో సగం మంది పనులకు గుంటూరు దిక్కు వలసపోయారట, తోడెవరూ లేక ఒక్కతే బస్సులు మారి వచ్చింది.

"సారూ, ఇది మా గుడి గూట్లో ఉండేది. గోడకు చెదలు పట్టినాయి. మీరైతే పదిలంగా పెడతారంట గదా, అందుకే తెచ్చినా" అంటూ డబ్బా తెరిచింది. ఆమె గుడి అన్నది వాళ్ళ చర్చిని.

లోపల ఉతికిన తెల్లగుడ్డ, గుడ్డలో ఒక కొయ్యకు చుట్టిన పలచటి తోలు. విప్పితే మూడు బారలుంది. నిండా నల్లటి అక్షరాలు, పక్కపక్కన నిలువు పట్టీలుగా, ఒక్క కొట్టివేత లేకుండా.

"ఇది స్టేషన్ మాస్టరు వాళ్ళది సారూ. మా అత్త కాలంలో కోసిగి టేషన్లో ఉండిరి. వాళ్ళు యూదులు. ఆయమ్మ ఇది మా అత్తకు ఎందుకిచ్చిందంటే..."

"కోసిగిలో యూదులు యాడుంటారవ్వా?" అన్నాను. అని నవ్వాను కూడా. నేను నవ్వితే నవ్వడం మా అటెండరు డ్యూటీ, వాడూ నవ్వాడు.

"ఉండిరి సారూ" అంది అవ్వ నెమ్మదిగా.

"సరే సరే. వేలిముద్ర వేస్తావా, సంతకం చేస్తావా?"

సంతకం చేసింది. నా సంతకం కంటే గుండ్రంగా ఉంది. మా రిజిస్టర్లో 'దాత చెప్పిన వివరం' అని రెండు వేళ్ళ వెడల్పు గడి ఒకటుంటుంది. అందులో నేను 'ఏమీ లేదు' అని రాశాను. ఆమె అప్పటికింకా చెప్తూనే ఉంది.

ఆమె పోయాక పరిశోధన మొదలుపెట్టాను. పరిశోధనకు పది నిమిషాలు పట్టింది, అందులో ఐదు టీకి పోయాయి. కుడినుంచి ఎడమకు రాసిన రాత, తోలు, వచ్చింది ఆదోని దిక్కునుంచి. నవాబు ఫర్మానా కాక మరేమవుతుంది? నాకొచ్చిన నాలుగు అక్షరాల్లో ఒక్కటీ అందులో కనపడలేదు. మామూలు మనిషైతే తన చదువును అనుమానిస్తాడు. నేను నవాబుగారి దస్తూరీని అనుమానించాను.

'ఆదోని నవాబు కాలపు ఫర్మానా కావచ్చు' అని రాసి మా ఆఫీసరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయనకు వారంలో కలెక్టరుగారి సందర్శన ఉంది.

"కావచ్చు ఏమిటయ్యా? ఇది మ్యూజియమా, చిలకజోస్యమా? కావచ్చు తీసెయ్. దేని గురించి ఫర్మానా?"

"భూమి గురించి అయ్యుంటుంది సార్."

"ఏ భూమి?"

"ఆ ఊరిదే అయ్యుంటుంది సార్."

"అట్లాగే రాయి మరి."

అట్లాగే రాశాను. నవాబు చచ్చిన ఇన్నేళ్ళకు ఆయన తరఫున భూదానం చేసిన ఘనత నాది. నంబరు 614 కూడా వేశాను. వస్తువుకు వెనకవైపు, కనపడని మూల, కావాలంటే తుడిచెయ్యగలిగేట్టు నంబరు వెయ్యాలని నిబంధన. కలెక్టరుగారికి కనపడాలని ముందువైపే, చెరిగిపోని నల్లరంగుతో వేశాను. నా చేతిరాత ముత్యాల్లా ఉంటుందని పేరు, దాన్ని వెనకాల దాచడమెందుకు అనుకున్నాను.

కలెక్టరుగారు మెచ్చుకున్నారు. పేపర్లో ఆ తోలుది అర పేజీ ఫోటో పడింది. ఫోటోను కత్తిరించి లామినేషన్ చేయించి ఇంట్లో గోడకు తగిలించాను. మా ఆవిడ దాన్ని ఇంతవరకూ తియ్యలేదు, నేను ఏదైనా ఎక్కువ మాట్లాడినప్పుడు దానివైపు చూస్తుంది, అంతే.

ఏడాది తిరగకముందే అవ్వ మళ్ళీ వచ్చింది. ఈసారి చేతిలో డబ్బా లేదు, నోటీసుంది.

ఆ మధ్య మా దిక్కున ఎండకు గిరాకీ వచ్చింది. కొర్రలు కూడా పండని నేలల్లో సోలారు పలకలు వేస్తామని కంపెనీలు తిరుగుతున్నాయి. వాళ్ళ ఊళ్ళో ఒక ఆసామి ఉన్నాడు, పుట్టుకతో రైతు, వృత్తి కాంట్రాక్టు, ఆశ రాజకీయం. చర్చి, దాని వెనకాల సమాధుల తోట ఉన్న నేలంతా నవాబు తన ముత్తాతకు ఇనాముగా ఇచ్చిందని అర్జీ పెట్టాడు. సాక్ష్యం సాక్షాత్తూ ప్రభుత్వ మ్యూజియం రిజిస్టరు.

"సారూ, మా జాగా నవాబు ఆసామోళ్ళకు రాసిచ్చినాడంట. మేం తెచ్చిచ్చిన తోలులోనే రాసుండాదంట. నిజమేనా?"

నేను ఫ్యాను వంక చూశాను.

"గుడి పడగొడతారంట. సమాధుల తోట చదును చేస్తారంట. నా మొగుడు ఆడనే ఉండాడు. చెదలు తింటాయని తెచ్చిచ్చిన పాపానికి కొరివితో తల గోక్కున్నట్లాయ గదా మా బతుకు."

"కూర్చో అవ్వా. నీళ్ళు తాగు."

"నీళ్ళొద్దు. నువ్వు దాన్ని చదివినావా, చదవలేదా? అది చెప్పు." అంతవరకూ మీరు అన్నది నువ్వులోకి దిగింది.

"చదవలేదవ్వా."

"మళ్ళెట్ల రాసినావప్పా?"

ఎన్ని ఆడిట్లు చూశాను, ఎంతమంది ఇన్‌స్పెక్షనుకు వచ్చిపోయారు. ఈ ప్రశ్న ఒక్కరూ అడగలేదు.

మ్యూజియానికి ఎదురుగా మసీదుంది. అక్కడి పెద్ద హజరత్‌కు రోజూ సలాం చేస్తాను. ఆ సాయంత్రం ఆ తోలుచుట్టను గుడ్డలో పెట్టుకుని రోడ్డు దాటాను. ఆయన అద్దాలు పెట్టుకుని ఒక్కసారి చూశాడు. "ఇది మాది కాదు భాయ్. మా అక్షరాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడుస్తాయి. ఇవి చూడు, దేనికది నిలబడినాయి. యూదుల రాత" అన్నాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఇంత దగ్గరలో సమాధానం పెట్టుకుని పండితుణ్ణి కాబట్టి అడగలేదు. ముసలామె ముఖాన చెప్పిన నిజాన్ని నవ్వి పారేసినందుకు నన్ను నేను చెంపలు వాయించుకోవాలనిపించింది.

మర్నాడు ఆఫీసరుకు చెప్పాను. ఆయన టీ తెప్పించాడు. ఆయన టీ తెప్పించాడంటే మనకు మూడిందని లెక్క.

"కలెక్టరు చూశారు. పేపర్లో పడింది. ఇప్పుడు రిజిస్టర్లో కొట్టివేతలు మొదలుపెడితే ఈ ఆఫీసు పరువేం గాను? అది ఫర్మానా కాకపోవచ్చు. రికార్డు ప్రకారం ఫర్మానాయే."

"మరి చర్చి పోతుంది సార్."

"చర్చి మన రిజిస్టర్లో లేదు కదయ్యా. విచారణలో ఎంట్రీ తప్పని నోరు జారావంటే నీమీద చర్య తప్పదు. రిటైరయ్యే ముందు ఎందుకు చెప్పు?"

రిటైరుమెంటుకు ఇంకా ఆరేళ్ళుంది. అయినా ఆ మాటకు నేను భయపడ్డాను, అబద్ధమెందుకు. భయపడుతూనే ముంబైలో యూదుల ప్రార్థనా మందిరానికి ఉత్తరం రాశాను. మూడు వారాలకు ఫోనొచ్చింది. రిటైరైన స్కూలు టీచరమ్మ. వాళ్ళవాళ్ళు ఒకప్పుడు రైల్వేలో చాలామంది పనిచేశారట. బదిలీల మీద బదిలీలు, ప్రతి స్టేషన్లో ఏదో ఒకటి మిగిలిపోయేదట. ఆ మిగిలిపోయినవాటిని వెతికి పోగుచేయడమే ఆవిడ పని. పాత ప్రార్థన పుస్తకాలు, రాతప్రతులు, పండగకు ఎనిమిది వత్తులు వెలిగించే ఇత్తడి దీపాలు. విశ్రాంతి దినాన ద్రాక్షరసం పోసే వెండిగిన్నె ఒకటి ఒక ఊళ్ళో కుంకుమ భరిణగా దొరికిందట. "కడిగి ఇస్తామన్నారు. వద్దన్నాను, వాళ్ళూ దాన్ని దేవుడి దగ్గరే పెట్టుకున్నారు కదా" అంది హిందీలో. నా హిందీ కర్నూలు హిందీ, ఆవిడ సర్దుకుంది.

వచ్చింది. పొట్టి తెల్లజుట్టు, గుడ్డ బూట్లు, భుజాన సంచి. అద్దాల పెట్టె ముందు నిలబడి తల పక్కకు వంచి చూసింది. తర్వాత, "తలకిందులుగా పెట్టారు" అంది. ఏడాదిగా కలెక్టరుతో సహా జిల్లా అంతా దాన్ని తలకిందులుగానే మెచ్చుకుంది.

బయటికి తీసి చేతికిచ్చాను. ఆవిడ సరిగ్గా తిప్పి చదివి చెప్పింది. ఒక రాణి కథ అది. ఆ రాణి సొంతవాళ్ళైన యూదులందరినీ చంపించడానికి ఒక మంత్రి రాజుచేత తాకీదు రాయిస్తాడు, రాణి తెగించి వాళ్ళను కాపాడుకుంటుంది. ఏడాదికోసారి పండగనాడు చుట్ట విప్పి చదువుతారట. "ఎక్కడున్నా ఈ చుట్టను మాత్రం ఇంట్లో ఉంచుకోవాలనుకునేవాళ్ళు మావాళ్ళు. దీన్ని నేను తీసుకుపోవాలి" అంది. అంతలో మూలనున్న అంకెల మీద ఆవిడ వేలు ఆగింది. "ఇదెవరు రాశారు?"

"ఆఫీసువాళ్ళు" అన్నాను.

విచారణ చర్చి ముందరే పెట్టారు. షామియానా, నాలుగు కుర్చీలు. కొత్తగా వచ్చిన ఆర్.డి.ఓ. అమ్మాయి, నా కూతురి ఈడుది. ఒక పక్క ఆసామి, తెల్లచొక్కా, వెనక పదిమంది. ఇంకో పక్క అవ్వ, చర్చి సంఘంలో ఊళ్ళో మిగిలిన ముసలీముతకా. చుట్టతో నన్ను పంపిస్తూ మా ఆఫీసరు ఒకటే మాటన్నాడు, "కొత్తగా ఏమీ మాట్లాడకు."

"ఈ ఎంట్రీ మీరు రాసిందేనా?" అంది ఆర్.డి.ఓ.

"నేనేనమ్మా."

"నిజమేనా?"

అవ్వ నావైపే చూస్తోంది. "కాదమ్మా. చదవకుండా రాశాను."

ఆసామి తొడ మీద కొట్టుకుని నవ్వాడు. "ఇన్యారా మేడం? ఆపొద్దు చదవకుండా రాసినాడంట, ఈపొద్దు చదివి చెప్తాడంట. రేపేమంటాడో? ఇట్లాంటోళ్ళకు గవుర్మెంటు జీతాలిస్తాండాది!"

నిజం చెప్పాలంటే ఆ మాటలో నాకు తప్పేమీ కనపడలేదు.

టీచరమ్మ చుట్ట విప్పి చదివింది. వరస చదివి అర్థం హిందీలో చెప్పడం, దాన్ని నేను తెలుగులో చెప్పడం. మంత్రి పేరు వచ్చినప్పుడల్లా ఆవిడ కాలితో నేలను దబదబా కొట్టింది, ఆ పేరు వినపడకుండా కొట్టడం వాళ్ళ ఆనవాయితీ అట. రెండోసారి కొట్టేసరికి అవ్వ లేచి నిలబడింది.

"ఓయమ్మా, ఇది మన బైబిల్లో రాణి కథే గదా! సండే స్కూలు పిల్లోళ్ళకు ఎన్ని తూర్లు చెప్పింటా!" నేను తెలుగు చెయ్యకముందే తర్వాతేం జరుగుతుందో చెప్పుకుంటూ పోయింది. మళ్ళీ మంత్రి పేరు వచ్చింది. అవ్వ కాలు కొట్టింది. సంఘమంతా కొట్టింది. ఎర్రదుమ్ము లేచి ఆర్.డి.ఓ. ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంది. అన్నేళ్ళు గూట్లో పెట్టి కాపాడిన చుట్టలో తమకు కంఠతా వచ్చిన కథే ఉందని వాళ్ళకు ఆరోజే తెలిసింది.

"నాటకం మేడం ఇదంతా" అన్నాడు ఆసామి.

ఆర్.డి.ఓ. తల పట్టుకుంది. "ఈవిడ చదివింది ఇందులో ఉన్నదేనని నేనెట్లా నమ్మాలి? ఇంకో నిపుణుణ్ణి రప్పిస్తాను. అంతవరకూ వాయిదా."

అక్కడితో ఆగితే ఆసామి గెలిచేవాడేమో. ఇంకో నిపుణుడు వచ్చేలోపు ఎన్ని వాయిదాలో, ఎంతమంది ఆర్.డి.ఓ.లు మారతారో. కానీ సోలారు కంపెనీవాళ్ళు ఆ నెలలోపే నేల చూపించమన్నారట.

"నిపుణులెందుకు మేడం? దీని జోడు మా ఇంట్లోనే ఉండాది. మా ముత్తాత పెట్టెలో ఉండిన్యాది" అని పట్టుగుడ్డలోంచి ఒక తోలుముక్క తీశాడు.

ఆర్.డి.ఓ. రెంటినీ బల్లమీద పక్కపక్కన పరిచింది. అందరం వంగి చూశాం. పేపర్లో ఫోటో పడినంత మేర, అక్షరానికి అక్షరం సరిపోయింది. అవ్వ ముఖంలో నెత్తురు చుక్క లేదు.

అప్పుడు చూశాను, ఆ తోలుముక్క మూలన. ఆరు, ఒకటి, నాలుగు. ఆరుకు పొడుగాటి తోక, అచ్చం నేను వేసే తోక. ఫోటో చూసి దిద్దినవాడు ఎంత నిజాయితీపరుడంటే ఒక్క గీత కూడా వదల్లేదు. నాలాగే వాడూ చదవకుండా రాశాడు.

సంగతి చెప్పాలంటే ఆ నంబరు వేసిందెవరో చెప్పాలి. పక్కనే టీచరమ్మ ఉంది.

"అమ్మా, ఆ మూల చూడండి. ఆరువందల పద్నాలుగు. అది మా మ్యూజియం నంబరు. కిందటేడు నా చేత్తో నేనే వేశాను. వెయ్యకూడని చోట వేశాను."

ఆర్.డి.ఓ. ఆ మూలా ఈ మూలా నాలుగుసార్లు చూసింది. "మీ ముత్తాత పెట్టెలో ఉండేదన్నారు కదూ?"

"అవును మేడం."

"నవాబుగారు మ్యూజియం నంబర్లు కూడా వేసేవారా?"

ఆసామి గడ్డం గోక్కున్నాడు. "ఏమో మేడం. నవాబుల సంగతి మనకేం తెల్సు?"

షామియానా కింద నవ్వనివాడు ఆయనొక్కడే. ఆర్.డి.ఓ. ఆ ముక్కను సీలు చేయించి తహసీల్దారు చేతికిచ్చి, నోటీసు అక్కడికక్కడే రద్దు చేసింది. ఆసామికి ఆదోనిలో ఏదో మీటింగు గుర్తొచ్చి కారెక్కాడు. టీచరమ్మకు ముక్కముక్కగా అంతా చెప్పాను. విని నన్ను ఎగాదిగా చూసి, "ఆఫీసువాళ్ళు" అంది, నా మాట నాకే అప్పజెప్పి.

సంఘంవాళ్ళు బొరుగుల ఉగ్గాని, బజ్జీలు పెట్టారు. తింటూ టీచరమ్మ అవ్వను అడగమంది, "ఆ చుట్ట మీకెందుకిచ్చారు?"

వస్తువు తెచ్చిన మనిషిని మొదట అడగాల్సిన ప్రశ్న. దానికి జీతం తీసుకున్నవాణ్ణి నేను.

"మొదటిపొద్దే చెప్పబోతి గదా ఈయప్పకు" అంది అవ్వ. "రండి, చూపిస్తా."

సమాధుల తోటలో అన్నిటికీ శిలువలున్నాయి. తూర్పుమూల ఒక్కదానికి లేదు. నాపరాళ్ళు పేర్చి, సున్నం కొట్టి ఉంది.

"స్టేషన్ మాస్టరు. వాంతులు, భేదులు పట్టుకుని రెండు పొద్దుల్లో పొయ్యినాడంట. వానలకు కట్ట తెగి రైళ్ళు లేవంట. వాళ్ళోళ్ళు యాడో బొంబాయిలో. ఈడ ఎవురూ జాగా ఇయ్యలేదు, మా మామ ఇచ్చినాడు. ఆయమ్మ ఊరిడిచి పొయ్యేటప్పుడు, నా దగ్గర ఇంతకన్నా పెద్దది ఏమీ లేదని మా అత్త చేతిలో ఆ చుట్ట పెట్టిందంట. శిలువ పెట్టొద్దనింది. మేం పెట్టలే. క్రిస్మస్‌కు అన్నిటికీ సున్నం కొడతాము. దీనికీ కొడతాము."

తెలుగులోంచి హిందీలోకి చెప్పాల్సింది నేను. సగంలో నా కర్నూలు హిందీ చాల్లేదు. మిగతాది టీచరమ్మకు అవ్వే సైగలతో చెప్పింది. ఆవిడ వాళ్ళ ఆనవాయితీ ప్రకారం ఒక చిన్న రాయి ఏరి సమాధి మీద పెట్టి, అక్కడే నేలమీద కూలబడింది. అవ్వ పక్కన కూర్చుంది. చుట్టను తీసుకుపోవాలని వచ్చినావిడ ఆ తర్వాత ఆ మాటే ఎత్తలేదు.

లేచేటప్పుడు అవ్వ అడిగింది, "మీ పుస్తకంలో ఇంకా నవాబే ఉండాడా?"

"ఉన్నాడవ్వా. కొట్టెయ్యడానికి వీల్లేదంట."

"కొట్టెయ్యొద్దులే. ఆ కథలో రాజూ అదే అన్యాడు గదా, ముద్ర పడినాక వెనక్కి తీసేది లేదని. మళ్ళేం చేసినాడు? ఇంకో తాకీదు రాసినాడు. నువ్వూ ఇంకోటి రాయి."

సోమవారం కొత్త నంబరుతో యూదుల చుట్ట అని ఇంకో ఎంట్రీ రాశాను, నంబరు ఈసారి వస్తువుమీద కాదు, అవ్వ తెచ్చిన డబ్బామీద అంటించిన చీటీలో వేశాను. ఒక చుట్ట, రెండు ఎంట్రీలు. అప్పటినుంచి ఏటా తనిఖీలో వస్తువుల లెక్క ఒకటి తగ్గి, ఒక నవాబు ఫర్మానా కనపడటం లేదని తేలుతుంది, దానికి నన్ను బాధ్యుణ్ణి చేశారు. పోనీ, అది ఒప్పుకున్నాను.

'దాత చెప్పిన వివరం' గడిలో అవ్వ మాటలు అవ్వ మాటలుగానే రాశాను. వాంతులు, భేదులు, తెగిన కట్ట, మామ ఇచ్చిన జాగా, పెట్టని శిలువ, కొట్టిన సున్నం. రెండు వేళ్ళ గడి చాల్లేదు. వస్తువు స్థితి గడిలోకి, కొలతల గడిలోకి, చివరికి ఆఫీసరుగారు సంతకం పెట్టాల్సిన గడిలోకి కూడా పోయింది. గడులు దాటి రాసినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వమని మెమో వచ్చింది.

నా సర్వీసులో ఎన్నో మెమోలొచ్చాయి. ఆలస్యానికి, మాడిపోయిన బల్బుకు, ఎలుక తిన్న లేబులుకు, అన్నిటికీ వినయంగా జవాబులు రాసుకున్నాను. ఆ ఒక్కదానికి మాత్రం రాయలేదు.